పొగ తాగనివారి కణితుల్లో పొగాకు ముద్ర: నా తొలి పరిశోధన అనుభవం

మా పరిశోధన పత్రాన్ని ప్రచురణకు అంగీకరించినట్లు మొన్న రాత్రి ఈమెయిల్ వచ్చింది. రెండున్నరేళ్ల బరువు దిగింది. కానీ ఆ రెండున్నరేళ్లలో ఒక గంట ఉంది, అది ఇంకా గుండెల మీదే ఉంది. అందుకే రాస్తున్నాను.

రోగుల కణితుల డీఎన్ఏ సమాచారాన్ని కంప్యూటర్‌లో విశ్లేషించడం నా పని. దానికి వాడే ప్రోగ్రామింగ్ భాష పైథాన్ నాలుగు నెలల్లో చేతికి వచ్చింది. రోగుల జన్యు సమాచారం తెరవడానికి అనుమతులు కొన్ని వారాలు తీసుకున్నాయి. సంతకాలు సరిగ్గా ఉంటే అది తిరుగుడే గానీ బాధ కాదు. జీనోమ్ కూర్పు (మనిషి డీఎన్ఏ మొత్తానికి ఆధారంగా వాడే పటం) విషయంలో మాత్రం కళ్లు తెరుచుకుని ఉండండి. క్యాన్సర్లలో కనిపించే మార్పు ఒకటి, బ్రాఫ్ జన్యువులోని వి600ఇ, 2009 నాటి కూర్పులో ఏడో క్రోమోజోమ్‌పై 140453136వ స్థానంలో ఉంటుంది, 2013 నాటి కూర్పులో 140753336వ స్థానంలో. రెండింటినీ కలిపేస్తే ప్రోగ్రాం నోరు మెదపకుండా తప్పు ఫలితం ఇస్తుంది. నేను రెండు రోజుల్లో బయటపడ్డాను.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది.

ఎన్నడూ పొగ తాగని ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులవి 42 కణితులు నాకు అప్పగించారు. మ్యుటేషన్లకు, అంటే డీఎన్ఏలోని మార్పులకు, ముద్రలుంటాయి: ఒక్కో కారణం ఒక్కో తీరు మార్పులను వదిలి వెళుతుంది. 2013లో 7,042 కణితులను పరిశీలించిన అధ్యయనం ఇరవైకి పైగా ముద్రలను వేరు చేసింది. డీఎన్ఏ అక్షరాలు ఏ, సీ, జీ, టీ; వాటిలో అతినీలలోహిత కిరణాలు సీని టీగా మారుస్తాయి, పొగాకు సీని ఏగా మారుస్తుంది. నా నమూనాల్లో 14 సీ-ఏ మార్పులతో నిండిపోయి ఉన్నాయి. పొగ తాగనివారిలో పొగాకు ముద్ర! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇతరుల పొగ పీల్చినందువల్లే ఇలా జరిగిందని పత్రానికి శీర్షిక కూడా రాసుకున్నాను.

బృంద సమావేశంలో మూడో బొమ్మ దగ్గర ఒక సీనియర్ ఆపారు. డీఎన్ఏ ముక్కను యంత్రం ఒక కొస నుంచి చదివిన అక్షరాల వరుసను రీడ్ అంటారు. "రీడ్ ఒకటిలో ఎన్ని, రెండులో ఎన్ని?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "జన్యువు రెండు పోగుల మధ్య తేడా చూశారా?" లేదన్నాను. "ఈ మార్పులు ఎంత శాతం రీడ్లలో ఉన్నాయి?" చాలావరకు పది శాతం లోపే. ఆయన అంతటితో ఆగారు. నమూనాలు పంపిన ప్రయోగశాల పెద్ద మాత్రం ఆగలేదు. "కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు డీఎన్ఏ ఎలా తయారవుతుందో తెలియదు, వీళ్లకు సమాచారం ఇస్తే ఇంతే" అన్నారు, అందరి ముందూ. నమూనాల తయారీ వివరాలు కావాలని నేను మూడుసార్లు రాశాను. "మీ పనికి అవి అక్కర్లేదు" అని జవాబిచ్చింది వారి ప్రయోగశాలే. ఆ మాట అక్కడ చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

జరిగింది ఇది. డీఎన్ఏను ధ్వని తరంగాలతో ముక్కలు చేసేటప్పుడు గ్వానిన్ (జీ) ఆక్సీకరణం చెందవచ్చు. అలాంటి గ్వానిన్ తన మామూలు జత సైటోసిన్‌ను (సీ) వదిలి అడెనిన్‌తో (ఏ) జత కడుతుంది. రోగి ఒంట్లో ఏనాడూ లేని మ్యుటేషన్ పరీక్ష గొట్టంలో పుడుతుంది. ఈ లోపాన్ని 2013లోనే వివరంగా ప్రచురించారు. యంత్రం ప్రతి ముక్కనూ రెండు కొసల నుంచీ చదువుతుంది. నిజమైన మ్యుటేషన్ రెండు రీడ్లలోనూ ఇంచుమించు సమానంగా కనిపించాలి. ఈ దొంగ మార్పు మొదటి రీడ్‌లో జీ నుంచి టీగా, రెండో రీడ్‌లో సీ నుంచి ఏగా ఒకవైపే మొగ్గుతుంది. పొగాకు సంగతి వేరు. అది కూడా గ్వానిన్‌నే గాయపరుస్తుంది; దానికి జతగా ఎదుటి పోగుపై ఉన్న సీ ఏగా మారినట్లు కనిపిస్తుంది. అయితే జన్యువు పనిచేసేటప్పుడు ఒక పోగుపై గాయాలను కణం ఎక్కువగా బాగుచేసుకుంటుంది కాబట్టి, రెండు పోగుల మధ్య తేడా మిగులుతుంది. నా 14 నమూనాల్లో పన్నెండింటికి ఆ తేడా లేదు, రీడ్ల మొగ్గు మాత్రం కొట్టొచ్చినట్లు ఉంది. చివరికి తయారీ వివరాలు వచ్చాయి. ఆ పన్నెండూ ఒకే వారంలో, ఒకే యంత్రంపై, ఎక్కువసేపు ముక్కలు చేసినవి.

కాబట్టి కొత్తగా వచ్చేవారికి చెప్పేది ఇదే. తయారీ తేదీలు, యంత్రం అమరికలు చేతికి రానిదే విశ్లేషణ మొదలుపెట్టకండి. ఇవ్వనంటే రాతపూర్వకంగా అడగండి, ఆ ఉత్తరం దాచుకోండి. బొమ్మ గీసే ముందు కనీసం యాభై మ్యుటేషన్ల రీడ్లను మీ కళ్లతో చూడండి. మ్యుటేషన్లను వెతికే మ్యూటెక్ట్2 లాంటి ప్రోగ్రాముల్లో ఈ మొగ్గును పట్టే పద్ధతి ఉంది, దాన్ని వదిలేయకండి. ఒక్కో ఫైలు వెనుక ఒక మనిషి ఛాతీ నుంచి తీసిన ముక్క ఉంది. ఆ మనిషి కణితిలో లేని మార్పును ఉన్నట్లు ప్రకటించడానికి నేను వారం దూరంలో ఉన్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

మిగిలిన రెండు నమూనాల్లో పోగుల తేడా స్పష్టంగా ఉంది. వారి పాత వైద్య పత్రాలు వెతికించాం. ఒకరు ముప్ఫై ఏళ్ల క్రితం సిగరెట్ మానేసినవారు, దరఖాస్తులో "ఎన్నడూ తాగలేదు" అని నమోదైంది. రెండోవారి పత్రాల్లో ఏమీ దొరకలేదు. ఆ సంగతి మా పరిశోధన పత్రంలో ఉన్నది ఉన్నట్లే రాశాం.

సమీక్షకులలో ఒకరు ఆ తొలి తప్పుడు బొమ్మను తీసేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. అనుబంధంలో, తయారీ తేదీల పట్టికకు ఎదురుగా, అది అలాగే ఉంది.