వేరే దేశం పాట

ఫోన్లో పాత ఫొటోలు తీసేస్తుంటే 2024 జూలై 28 నాటి స్క్రీన్‌షాట్ ఒకటి దొరికింది. ఆదివారం, మధ్యాహ్నం భోజనం చేసి, కునుకు తీసే ముందు ఊరికే ఒలింపిక్స్ పెట్టా. దక్షిణ సూడాన్, ప్యూర్టోరికో బాస్కెట్‌బాల్ మ్యాచ్. జాతీయగీతం మొదలైంది. సూడాన్‌ది! దశాబ్దాల యుద్ధం తర్వాత 2011లో ఏ దేశం నుంచి విడిపోయారో, ఆ దేశం పాట. గుండెల మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడ్డారు కుర్రాళ్లు. నాకైతే కునుకు ఎగిరిపోయింది. కాసేపటికి సరైన పాట వేశారు. తర్వాత 90-79తో గెలిచారు. ఒలింపిక్స్‌లో వాళ్లకదే మొదటి మ్యాచ్ మరి!

ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబాలో దక్షిణ సూడాన్ చేరిందే 2013లో. ఆ ఒలింపిక్స్ నాటికి దేశంలో ఒక్క ఇండోర్ కోర్టు కూడా లేదట. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన లువోల్ డెంగ్ సొంత డబ్బు పెట్టి జట్టును నడిపాడు. ఆ ఒలింపిక్స్ మ్యాచ్‌కి వారం ముందే లండన్‌లో అమెరికాను వణికించారు, అమెరికా 101-100తో గట్టెక్కింది. ఆఖరి సెకన్లలో అమెరికా స్టార్ లెబ్రాన్ జేమ్స్ బంతిని బుట్టలో వేయకపోతే అయిపోయేది.

మనవాళ్లు ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ ఆడింది ఒక్కసారే, 1980 మాస్కోలో. అన్నీ ఓడిపోయారు. సర్లెండి, స్క్రీన్‌షాట్ మాత్రం డిలీట్ చేయలేదు.