కౌంటర్ వెనక కూర్చుని జీప్యాట్ చదివితే

మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పదింటి దాకా గుంటూరు కొత్తపేటలో మెడికల్ షాపు డ్యూటీ. గోడ మీద ఫ్రేములో నా ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్, దాని కింద నేను. బీఫార్మసీ అయిన నాలుగేళ్లకు ఎంఫార్మసీలో ఫార్మసీ ప్రాక్టీస్ బ్రాంచి చేయాలనిపించింది. దానికి దేశమంతటా జరిగే ప్రవేశ పరీక్షే జీప్యాట్. ఇది నాలా ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ల కోసం.

మొదటిసారి నన్ను ముంచింది నా అనుభవమే. రోజూ చేత్తో తీసిచ్చే మందులే కదా, మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చెప్పే ఫార్మకాలజీ ఓ లెక్కా అనుకున్నా. తీరా చూస్తే నాకు తెలిసింది బ్రాండు పేరు, స్ట్రిప్పు రంగు, ఏ అరలో ఉంటుందో, అంతే. రోజూ అమ్మే ఎసిడిటీ బిళ్ల పాంటోప్రజోల్ ఎలా పనిచేస్తుందంటే నోరు పెగల్లేదు. జీప్యాట్‌లో 125 ప్రశ్నలు, 500 మార్కులు, మూడు గంటలు. ఒప్పుకి 4, తప్పుకి 1 కోత. నేను ధైర్యంగా 118 పెట్టేశా. 57 ఒప్పు, 61 తప్పు: 228లో 61 పోతే 167. ఆ తప్పుల్లో సగం 'ఎక్కడో చూసినట్టుందే' అనుకుంటూ పెట్టినవే.

రెండోసారి కౌంటర్ కింద ఓ నోటుబుక్కు పెట్టుకున్నా. రోజుకి ఒక్క ప్రిస్క్రిప్షన్. పేషెంటు పేరు వదిలేసి మందులు మాత్రం రాసుకుని, రాత్రి ఇంటికెళ్లాక ఒక్కోటీ విప్పేవాణ్ణి. ఓ సాయంత్రం ఒకావిడ పంటి నొప్పికి రాసిన మెట్రోనిడజోల్ అడిగారు. "వేరే మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అన్నా. "గుండెకి వాల్వు మార్చారు బాబూ, రక్తం పల్చబడే బిళ్ల వేసుకుంటున్నా" అన్నారు. సంచీలోంచి వార్ఫరిన్ స్ట్రిప్పు తీశారు. వార్ఫరిన్‌ని కరిగించే లివర్ ఎంజైమ్ సీవైపీ2సీ9ని మెట్రోనిడజోల్ అడ్డుకుంటే వార్ఫరిన్ ఒంట్లో పేరుకుని ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే కొలత) పెరుగుతుంది, బ్లీడింగ్ కావచ్చు. డెంటిస్టుకి ఫోన్ చేస్తే మందు మార్చారు. ఇక ఆ ఎంజైమ్ పేరు నేను బట్టీ పట్టాల్సిన పనే పడలేదు.

లెక్కలకీ ఇదే దారి. డెబ్బై ఏళ్లు, యాభై కేజీలు, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.4 ఉన్న ఆవిడనుకోండి. 1.4 చూస్తే పెద్దగా భయమెయ్యదు. 140లోంచి వయసు తీసి, బరువుతో గుణించి, 72 ఇంటూ 1.4తో భాగించి, ఆడవాళ్లకి 0.85తో గుణిస్తే 29.5 వస్తుంది, అంటే కిడ్నీలు నిమిషానికి అన్ని మిల్లీలీటర్ల రక్తాన్నే శుభ్రం చేస్తున్నాయని అంచనా. డోసులు చూసుకోవాల్సిన కిడ్నీ అది.

అలాగని ఫార్మకాలజీ దగ్గరే ఆగిపోకండి. దానికి 28 ప్రశ్నలే, మందుల తయారీ చెప్పే ఫార్మాస్యూటిక్స్‌కి, కెమిస్ట్రీకి చెరో 38. కెమిస్ట్రీని నేను పొద్దున ఐదింటికి తిట్టుకుంటూనే చదివా. మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఏపీ పీజీఈసెట్ కూడా రాయండి. 120 ప్రశ్నలు, రెండు గంటలు, నెగటివ్ లేదు కాబట్టి ఒక్కటీ వదలొద్దు. బీఫార్మసీ తర్వాత చేసే మూడేళ్ల ఫార్మ్‌డీ పోస్ట్ బాకలారియేట్‌ కోర్సుకీ దారి అదే. నాకు ఎంఫార్మసీ సీటు రెండో ప్రయత్నంలో వచ్చింది.

సెలవు మాత్రం ముందే అడిగి పెట్టుకోండి. నేను పరీక్షకి వారం ముందు అడిగితే మా ఓనరుగారు "ఓఆర్ఎస్ సీజన్లో సెలవేంటయ్యా" అన్నారు. బతిమాలితే మూడు రోజులిచ్చారు, అందులో ఒకటి ఆదివారం.