ఆరు వారాల కండ్లకలక

కండ్లకలక వారం పది రోజుల్లో దానంతట అదే పోతుందని మా శ్రీకాకుళం జిల్లాలో గట్టి నమ్మకం. వైరస్ వల్ల వచ్చేది చాలావరకు అలాగే పోతుంది కూడా. కానీ చెన్నైలో భవన నిర్మాణ పనులు చేసుకునే ఒక ఉద్దానం యువకుడు, కుడికన్ను ఒక్కటే ఆరు వారాలుగా ఎర్రబడి ఉందంటూ మా కంటి విభాగానికి వచ్చాడు. అప్పటికే నందివర్ధనం పూల రసమూ, మందుల దుకాణంలో ఇచ్చిన మూడు రకాల చుక్కలూ అయిపోయాయి. వాటిలో ఒకటి స్టీరాయిడ్ కావడం నాకు కోపం తెప్పించిన సంగతి.

కింది రెప్ప లాగి చూస్తే లోపొర మీద నానిన సగ్గుబియ్యం గింజల్లాంటి బొడిపెలు కనిపించాయి. చెవి ముందు చిన్న గడ్డ చేతికి తగిలింది. ఇన్నాళ్లు, అదీ ఒకే కంటిలో నిలిచిందంటే లైంగికంగా సోకే క్లమీడియా అనే సూక్ష్మజీవిని అనుమానించక తప్పదు. వెంట వచ్చిన మేనమామను బయట కూర్చోమని, మూత్రంలో మంట ఉందా అని అడిగాను.

"కంటికీ దానికీ ఏటి సంబంధం బాబూ?" అన్నాడు.

సంబంధం చేతివేళ్లదే. జననాంగాల స్రావంలోని సూక్ష్మజీవి చాలాసార్లు చేతి ద్వారానే కంటికి చేరుతుంది. కాబట్టి చుక్కలు మాత్రమే వేస్తే మూలం అలాగే ఉండిపోతుంది. అజిత్రోమైసిన్ గానీ డాక్సీసైక్లిన్ గానీ నోటి ద్వారా వాడాలి, జీవిత భాగస్వామికీ వైద్యం జరగాలి.

సెగవ్యాధి, అంటే గనేరియా, కంటికి సోకితే ఇంత ఓపిక పట్టదు. తుడిచిన కొద్దిసేపటికే మళ్లీ చీము కారుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డు పొరకు చిల్లు పడవచ్చు. కాన్పులో తల్లి నుంచి ఈ చీము సోకి పసికందులు గుడ్డివారవుతుంటే, 1881లో జర్మన్ వైద్యుడు క్రెడే పుట్టగానే సిల్వర్ నైట్రేట్ చుక్క వేసే పద్ధతిని ప్రకటించాడు. సవాయి, అంటే సిఫిలిస్, చీము లేకుండానే కంటి లోపల వాపు తెచ్చి చూపును మసకబారుస్తుంది. అక్కడ రక్తపరీక్ష తప్పనిసరి.

మా యువకుడు మూడు వారాలకు భార్యతో వచ్చాడు. ఆమెకు ఏ లక్షణమూ లేదు, పరీక్షలో మాత్రం క్లమీడియా ఉంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పమని అడిగింది. నెలల తరబడి బయటపడకుండా ఉండగల జబ్బు కనుక, ఆ కాగితం చూసి అది చెప్పలేనన్నాను.