రొయ్యల చెరువు గట్టున నెలవంక కొమ్ము

కోనసీమలో కొండ లేదు. గులకరాయి కావాలన్నా ఎక్కడినుంచో లారీ మీద రావలసిందే. అలాంటి చోటికి నేను కొండలు చూడటానికి వెళ్ళాను. ఆరంగుళాల టెలిస్కోపును బొంతలో చుట్టి, హైదరాబాదు నుంచి నరసాపురం దాకా రైల్లో రాత్రంతా దానికి కాపలా కాశాను. పై బెర్తు ఆయన తబలాలా అని అడిగితే అవునన్నాను. అసలు సంగతి చెబితే తెల్లవార్లూ జాతకాలు చెప్పమంటారు.

ఉగాది వెళ్ళిన మూడో నాడు, చైత్ర శుద్ధ చవితి. ఆ సాయంత్రం నెలవంక కృత్తికల మీదుగా నడవబోతోంది. ఇది ఏటా జరిగేది కాదు. చంద్రుడి దారి సూర్యుడి దారికి ఐదు డిగ్రీలకు కాస్త ఎక్కువే వాలి ఉంటుంది. ఆ వాలు 18.6 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతుంది. కృత్తికలేమో సూర్యమార్గానికి నాలుగు డిగ్రీలు ఉత్తరాన ఉన్నాయి. కాబట్టి ఒక్కో చుట్టులో కొన్నేళ్ళపాటే చంద్రుడు నెలనెలా వాటిని తొక్కుతాడు, తరవాత ఏళ్ళ తరబడి దూరంగా తప్పుకుపోతాడు. తొక్కే ఏళ్ళలోనూ అది పగలు కావచ్చు, మరో దేశంలో కావచ్చు. కార్తీక పున్నమికి చంద్రుడు కృత్తికల దగ్గరే ఉంటాడు కానీ ఆ వెలుగులో చుక్కలు కంటికి ఆనవు. చైత్రంలో సన్నని వంకగా ఉన్నప్పుడు దొరకడమే అదృష్టం.

నరసాపురం రేవులో పంటు ఎక్కాం. రెండు లారీలు, పాతిక మోటారు సైకిళ్ళు, డీజిలు వాసన, వశిష్ఠ గోదావరి. ఏడుగురు ఋషుల పేర్లతో గోదావరి ఏడు పాయలైందని ఇక్కడివారు చెప్పుకుంటారు. అందులో ఆరుగురి భార్యలు కుమారస్వామికి పాలిచ్చి కృత్తికలయ్యారు. ఏడో ఆమె అరుంధతి మాత్రం వశిష్ఠుణ్ణి వదలలేదు. మా బావ ఈ కథ చెప్పి, "మనం సరైన రేవే దాటుతున్నాం" అన్నాడు. అతను లెక్కల మాస్టారు, ఇలాంటివి బాగా పట్టుకుంటాడు.

సఖినేటిపల్లి నుంచి అంతర్వేది వైపు సాగాక అసలు చిక్కు మొదలైంది. లెక్క ప్రకారం కృత్తికల్లో మైయా అనే చుక్క చంద్రుడి ఉత్తరపు అంచును రాసుకుంటూ పోయేది ఒక సన్నని గీత మీద నిలబడ్డవాళ్ళకే. నక్షత్రపు వెలుగులో చంద్రుడికీ ఒక నీడ ఉంటుంది. కృత్తికలు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరాన ఉన్నాయి కనుక ఆ నీడ చంద్రుడంత వెడల్పే, 3,474 కిలోమీటర్లు. దాని అంచు చంద్రుడి కొండలనూ లోయలనూ బట్టి రంపపు పళ్ళలా ఉంటుంది. ఆ పళ్ళు మన మీదుగా సాగిపోవాలంటే గీతకు కిలోమీటరు అటూ ఇటూగా ఉండాలి. ఉత్తరానికి జరిగితే చుక్క అసలు మరుగుపడదు, దక్షిణానికి జరిగితే ఒక్కసారే పోయి నిమిషాల తరవాత వస్తుంది.

గీత దొరికింది కానీ పడమటి ఆకాశం దొరకలేదు. ఎటు చూసినా కొబ్బరి తోటలే. కోనసీమ అందాన్ని నేను తిట్టుకున్నది ఆ ఒక్క మధ్యాహ్నమే. చివరికి ఒక రొయ్యల చెరువు గట్టు కుదిరింది. పడమర దిక్కున నీళ్ళు తప్ప ఏమీ లేవు.

కాపలా పెద్దాయన ముక్కాలి పీటనూ గొట్టాన్నీ చూసి, "సర్వేవాళ్ళాండీ? కాగితాలన్నీ మా యజమాని దగ్గర ఉన్నాయండీ" అన్నాడు. చంద్రుడికోసం వచ్చామన్నాక కూడా కాసేపు నమ్మలేదు. నెలవంక పైన మసకగా చుక్కల గుంపు తేలినప్పుడు తనే, "ఓహో, పిల్లలకోడికోసమా!" అన్నాడు. నేను కృత్తికలు అంటూ పొద్దుటినుంచి గొంతు చించుకుంటున్నాను, ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

బావ తన బైనాక్యులర్లలో ఒకటి ఆయనకిచ్చి, చిన్న టెలిస్కోపుతో రెండు కిలోమీటర్లు దక్షిణానికి వెళ్ళాడు. ఇద్దరం రెండు చోట్ల చూస్తేనే లెక్కకు విలువ.

ఏడు దాటగానే కృత్తికల్లో ఎలక్ట్రా అనే చుక్క పోయింది. మొదటిసారి చూసేవారు ఇక్కడే ఉలిక్కిపడతారు. దీపంలా మెల్లగా కొండెక్కడం ఉండదు. చంద్రుడికి గాలి లేదు కనుక మసకబారేందుకు ఏమీ లేదు. ఉంది, లేదు, అంతే. నెలవంక దోనెలా వెల్లకిలా పడుకుని ఉంది. దాని పైన భూమి వెలుగుతో బూడిదరంగులో మిగతా చంద్రబింబం. చుక్కలు ఆ బూడిద అంచు వెనక్కి ఒక్కొక్కటే జారుకుంటున్నాయి. ఇరవై నిమిషాలకు సెలీనో, మరో ఇరవై నిమిషాలకు మెరోపీ.

మైయా మాత్రం కుడి కొమ్ము కొస వైపు వస్తోంది. అప్పుడు గమనించాను, బొమ్మ వణుకుతోంది. చెరువులో నీళ్ళకు గాలి కలిపే ఏరేటరు చక్రాలు తిరుగుతుంటే గట్టంతా అదురుతోంది. పది నిమిషాలు ఆపమని పెద్దాయనను బతిమాలాను. ఆయన నీళ్ళ వైపు చూసి, "ఈ వేళకైతే పరవాలేదండీ, పగటి ఎండకు నీళ్ళలో ప్రాణవాయువు ఇంకా ఉంటుంది. తెల్లవారుజామున అడిగి ఉంటే ఆపేవాణ్ణి కాదు" అని మా దగ్గరున్న ఒక్కదాన్నే ఆపాడు. బొమ్మ కుదురుకుంది. అద్దం మీద ఉప్పు తేమ చేరుతుంటే అట్టముక్కతో విసురుతూ, రెండో చేత్తో ఫోనులో గొంతు రికార్డింగు మొదలుపెట్టాను.

ఎనిమిది దాటి అయిదు నిమిషాలు. కొమ్ము చివర, వెలుగు ఆగిపోయిన చోట, విడివిడిగా రెండు మెరుపు ముక్కలు ఉన్నాయి. అవి ఎండ తగిలిన శిఖరాలు. మైయా వాటికి అవతల, చీకటి అంచుకు ఆనుకుంది. పోయింది. ఊపిరి తీసుకునేలోపు వచ్చింది. అంటే ఒక కొండ దాటి లోయలో పడిందన్న మాట. మళ్ళీ పోయింది, ఈసారి ఎక్కువసేపు. వచ్చింది, రెండు సెకన్లు నిలిచి పోయింది. నా నోరు "పోయింది, వచ్చింది" అంటూనే ఉంది. నా కన్ను మాత్రం లేని కొండల ఎత్తు కొలుస్తోంది. ఒకటిన్నర నిమిషంలో అంతా అయిపోయింది. మరో ఎనిమిది నిమిషాలకు ఆల్సియోనీ, కృత్తికల్లో అన్నింటికన్నా ప్రకాశవంతమైనది, తటాలున మాయమైనప్పుడు అది నాకు మామూలు విషయంలా తోచింది.

బావ తిరిగొచ్చి, తనకు మైయా ఒక్కసారే పోయి సుమారు మూడు నిమిషాలకు వచ్చిందన్నాడు. కాస్త అసూయ పడ్డాడు కూడా. జపాన్ కగుయా, అమెరికా ఎల్‌ఆర్‌ఓ నౌకలు చంద్రుడి ఎత్తుపల్లాలను లేజరుతో ఎప్పుడో కొలిచేశాయి కదా, ఇక మన కొలత ఎందుకని అడిగాడు. తప్పు పట్టడానికి కాదు, వాటితో సరిపోల్చి చూసుకోవడానికన్నాను. ఆ జవాబు అతనికి నచ్చినట్టు లేదు.

మర్నాడు తిరుగు పంటులో ఫోను చెవికి ఆనించుకుని సెకన్లు రాసుకున్నాను. నా లెక్కలో మాయమైంది అయిదుసార్లు. నాలుగో దానికీ అయిదో దానికీ మధ్య నేను అట్టముక్క కింద పడేసుకుని వంగిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు మీదుగా పెద్దాయన గొంతు, తాపీగా, "పోయిందండీ. వచ్చిందండీ" అంటోంది. అయిదు కొట్టేసి ఆరు వేశాను.