కాలవ కూలీ, గుండ్లకమ్మ నీళ్ళూ

ఒంగోలు నాకు కొత్త ఊరేం కాదు. మా అక్కని ఇచ్చింది అక్కడే. పండగకో పబ్బానికో వెళ్ళడం, వచ్చేటప్పుడు అల్లూరయ్య మైసూరుపాకు కట్టించుకు రావడం ఎప్పుడూ ఉన్నదే. ఈసారి మాత్రం వేరే పని మీద వెళ్ళాను. మా సంఘంలో యౌవనస్థుల కూడికకి, బైబిల్లో పౌలు రాసిన ఉత్తరమైన రోమా పత్రిక నాలుగో అధ్యాయం మీద మాట్లాడమన్నారు. మనిషి విశ్వాసం వల్ల నీతిమంతుడిగా తీర్చబడతాడు, క్రియల వల్ల కాదు అన్న సంగతి.

మాది గుంటూరు వైపు లూథరన్ ఇల్లు. ఈ సిద్ధాంతం మాకు కన్ఫర్మేషన్ క్లాసులోనే నూరిపోస్తారు. 1517 అక్టోబరు 31, విట్టెన్‌బర్గ్, మార్టిన్ లూథరు 95 వాక్యాలు, ఆయన ఎదిరించిన పాపపరిహార పత్రాల అమ్మకం, అన్నీ నోటికొచ్చు. నోటికొచ్చింది అప్పజెబితే ఇప్పటి పిల్లలు తలొంచుకుని ఫోన్లు చూసుకుంటారు. జర్మనీ సంగతి తర్వాత, ముందు మన నేల మీద జరిగిందేదైనా చెబుదామనిపించింది. బావకి ఫోన్ చేసి, "మీ క్లౌ దొర తిరిగిన చోట్లన్నీ చూపించాలి" అన్నాను. క్లౌ అంటే ఒంగోల్లో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ.

"ఎట్టకేలకు మునగడానికి వస్తున్నావన్నమాట" అన్నాడు బావ. ఆయన బాప్టిస్టు. నమ్మినవాళ్ళని నీళ్ళలో ముంచితేనే బాప్తిస్మం అంటారు వాళ్ళు. చంటిబిడ్డ నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే అది బాప్తిస్మం ఎలా అవుతుందని పెళ్ళయిన నాటి నుంచీ నన్ను తగులుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెల్లంపల్లి బయల్దేరాం. ఒంగోలుకి ఉత్తరంగా పది మైళ్ళు. హైవే మీద లారీలు బారులు తీరి పోతుంటాయి, వంతెన దాటేటప్పుడు కింద నది ఉందని కూడా ఎవరూ చూడరు. కారు పక్కన ఆపి ఏటిలోకి దిగాం. సంక్రాంతి వెళ్ళిన వారం. నీళ్ళు ఒక పక్కకి తప్పుకుని మోకాటి లోతున పారుతున్నాయి, మిగతా అంతా ఇసకా తుంగా. నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి ఇంత దూరం వచ్చిన గుండ్లకమ్మ ఇదేనా అనిపించింది. గుర్తుగా రాయో పలకో ఉంటుందేమోనని చూశాను. మేం దిగిన చోట ఏమీ లేదు.

1878 జులై 3న ఇక్కడ ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులే. మొత్తం ఆరుగురు, ఒకసారికి ఇద్దరు చొప్పున వంతులేసుకున్నారు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, పదకొండింటికి ఆపి, మళ్ళీ రెండింటికి దిగి, అయిదయ్యేసరికి ముగించారు. అక్కడే ఇసకలో నిలబడి లెక్కేశాను. ఎనిమిది గంటలు, ఇద్దరు బోధకులు. మనిషికి అర నిమిషం కూడా పడలేదు. అర నిమిషంలో ఏ మనిషైనా ఏం పుణ్యం మూటగట్టుకోగలడు? మా పిల్లలకి ముందు ఈ లెక్కే చెబుదామనుకున్నాను.

"లెక్క బాగానే ఉందిగానీ, ఆ అర నిమిషానికి ముందు రెండేళ్ళ కథ ఉంది, అది వదిలేస్తే ఎలా" అన్నాడు బావ.

ఉంది మరి. దానికీ ముందు ఇంకో నలభై ఏళ్ళ కథ ఉంది. 1836లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే వచ్చాడు, 1840లో నెల్లూరులో మిషను పెట్టాడు. ఏళ్ళు గడిచినా వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే చేరారు. అమెరికాలో ఉన్న బోర్డు మూసేద్దామా అని కూడా తర్జనభర్జన పడింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషనుకే చెందిన జూవెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. 1866లో క్లౌ వచ్చి ఒంగోల్లో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న సంఘం కట్టేనాటికి సభ్యులు ఎనిమిది మంది. ఆ పైన ఊళ్ళలో మాదిగలు కదిలారు. వాళ్ళని చేర్చుకుంటే మా పిల్లల్ని బడికి పంపం అని పై కులాలవాళ్ళు అడ్డం తిరిగారు. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలిందట: జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశంవాళ్ళు ఎక్కువమంది పిలవబడలేదు అన్న మొదటి కొరింథీ మాట. బాప్టిస్టు ఇళ్ళలో ఈ కథ అన్నంతోపాటు పెడతారు. నాకు ఇందులో అద్భుతం కన్నా తెగింపు ఎక్కువ కనిపిస్తుంది. బడి ఖాళీ అవుతుందని తెలిసీ చేర్చుకున్నారు కదా.

మేం మాట్లాడుకుంటుంటే గేదెల్ని నీళ్ళకి తోలుకొచ్చిన ఒక పెద్దామె దగ్గరికొచ్చి నిలబడింది. మోచేతుల దాకా ఆరిన మట్టి. "ఏ మిషనయ్యా మీది?" అంది. ఇక్కడ కులం అడగడానికి ముందు ఈ ప్రశ్న అడుగుతారు, లేదా రెండూ కలిపి ఇదొక్కటే అడుగుతారు. చెప్పాను. తనూ సంఘానికి పోతానంది. ఉపాధి పని నుంచి వచ్చి గేదెల్ని తోలుకొచ్చిందట.

"పని ఎట్లా ఉందవ్వా?"

"ఏముంది నాయనా. గుంత కొలిచి డబ్బులేస్తారు. ఎండలో నడుం పడిపోయినా సరే, తక్కువ తవ్వితే తక్కువే. యేసయ్య కాడ టేపు లేదంటాడు మా అయ్యగారు. ఉంటే నేను యాడికి పోను, ఈ చేతుల్తో ఎంత తవ్వగలను?" అని నవ్వి, రెండడుగులేసి వెనక్కి తిరిగింది. "సంఘం చందా మాత్రం కొలిచే తీసుకుంటారు."

బావ నా వైపు చూశాడు. నేను బావ వైపు చూళ్ళేదు.

పౌలు రాసింది సరిగ్గా ఇదే. "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు" అని నాలుగో అధ్యాయం నాలుగో వచనం. పనిచేసినవాడికి యజమాని బాకీ ఉంటాడు. దేవుడు ఎవరికీ బాకీ లేడు. అయిదో వచనంలో ఇంకా ముందుకెళ్ళి, పనిచేయకుండా భక్తిహీనుణ్ణి నీతిమంతుడిగా తీర్చేవాడి మీద విశ్వాసం ఉంచితే ఆ విశ్వాసమే నీతిగా ఎంచబడుతుందంటాడు. భక్తిపరుణ్ణి కాదు, భక్తిహీనుణ్ణి. ఈ మాట ఎన్నిసార్లు చదివినా నాకు ఎక్కడో కలుక్కుమంటూనే ఉంటుంది. ఊళ్ళో పెద్దమనిషిగా బతికినవాడికి ఇది మింగుడు పడదు. రోజు కూలికి పోయేవాళ్ళకి వివరించి చెప్పనక్కర్లేదు.

అక్కడినుంచి ఒంగోలు మీదుగా కొత్తపట్నం రోడ్డు పట్టాం. ఊరు దాటాక ఇటు రొయ్యల చెరువులు, అటు సర్కారు తుమ్మ. వంతెన కింద బకింగ్‌హాం కాలవ. రంగు మారిన నీళ్ళు, గట్ల మీద తుమ్మ పొదలు, ఒక పక్క విరిగిన థర్మోకోల్ ముక్కలు. ఒకప్పుడు పెదగంజాం నుంచి మద్రాసు దాటి దక్షిణానికి, ఇటు కొమ్మమూరు కాలవ మీదుగా కృష్ణా డెల్టాకి పడవలు నడిచిన దారి ఇది. 1876లో ధాత కరువు పడ్డప్పుడు జనానికి పని చూపించాలని మద్రాసు ప్రభుత్వం ఈ కాలవ తవ్వకం పెద్దయెత్తున చేపట్టింది. అప్పటి గవర్నరు పేరే కాలవకి పెట్టారు. క్లౌ కుర్రతనంలో సర్వేయరుగా పనిచేసినవాడు. మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టు తనే తీసుకుని, తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి, వేలమందికి పనిచ్చాడు. పగలు మట్టి కొలత, కూలి లెక్క. విరామంలో ఆ బోధకులే జనం మధ్య కూర్చుని సువార్త చెప్పేవాళ్ళు.

నేను మెచ్చుకునేది ఆ తర్వాత ఆయన చేసినదాన్ని. కరువు సాయం నడిచినన్నాళ్ళూ, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. ఎంతమంది వచ్చి అడిగినా ఇవ్వలేదు. కరువు తెరిపిన పడి, పంచడం అయిపోయి, ఇక రూపాయి కూడా రాదని తెలిశాక, జనం మాకు డబ్బొద్దు, బాప్తిస్మం ఇవ్వండి అని వచ్చారు. అప్పుడు గుండ్లకమ్మలో దిగారు. ఆ ఏడు జూన్ నడిమి నుంచి జులై ఆఖరు దాకా 8,691 మంది.

వంతెన మీదే మా వాదన మొదలైంది. "భక్తిహీనుణ్ణే నీతిమంతుడిగా తీర్చే దేవుడైతే, ఆకలితో వచ్చినవాణ్ణి ఆగమనడం ఏం న్యాయం బావా? ఊరికే ఇచ్చేదానికి పరీక్ష దేనికి?"

"ఆగమంది దేవుడు కాదయ్యా, దొర. బియ్యం బస్తా పక్కన పెట్టుకుని ముంచితే ఆ బాప్తిస్మం కూడా కూలిలో భాగమయ్యేది. కూలి కూలిగా ఇచ్చాడు, కృప కృపగా ఇచ్చాడు. రెండూ ఒకే చేత్తో ఒకే రోజు ఇవ్వకూడదనుకున్నాడు. అంతే."

దీనికి నా దగ్గర సమాధానం లేకపోయింది. పైగా మా లూథరు రాసిన ప్రశ్నోత్తరిలోనే ఉంది, నా సొంత బుద్ధితో గానీ బలంతో గానీ నేను యేసుక్రీస్తుని నమ్మలేను, పరిశుద్ధాత్మే నన్ను పిలిచాడు అని. విశ్వాసాన్ని కూడా నా ఖాతాలో జమ వేసుకోవడానికి వీల్లేదు. అదే పట్టుకుని, "అందుకే మేం చంటిబిడ్డలకి ఇస్తాం. వాడు ఏం చేశాడని ఇస్తున్నాం? ఏమీ చేయలేదు" అని చిన్న దెబ్బ వేశాను. బావ తగ్గలేదు. "వాడు నమ్మనూ లేదుగా" అన్నాడు. కాథలిక్కులూ లూథరన్లూ ఇదే నీతిమంతులుగా తీర్చబడడం మీద తగువు పడి, 1999లో ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టేసరికి 482 ఏళ్ళు పట్టింది. మా ఇద్దరికీ ఇంకా బోలెడు టైముంది.

యాకోబు పత్రిక మాట కూడా అక్కడే వచ్చింది. మనిషి విశ్వాసం మూలంగా మాత్రమే కాదు, క్రియల మూలంగా నీతిమంతుడని యెంచబడతాడని యాకోబు అంటాడు కదా. క్లౌ కూడా చేరినవాళ్ళకి మూడు కట్టుబాట్లు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి చిన్నవే. ఊళ్ళో మాదిగకి అవే బతుకు. చచ్చిన గొడ్డుని లాగడం, జాతరకి డప్పు కొట్టడం ఊరు అతని మీద పెట్టిన చాకిరీ. మానేస్తే గింజలు ఆగుతాయి, దెబ్బలు పడతాయి. పడ్డాయి కూడా. మరి ఇవి క్రియలు కావా? అవుతాయి. వరసే ముఖ్యం. అబ్రాహాము విషయంలో పౌలు పట్టుకున్నదీ వరసనే. అతను నీతిమంతుడిగా ఎంచబడింది ఆదికాండం 15లో, సున్నతి వచ్చింది 17లో. ముందు మాట నమ్మాడు, గుర్తు తర్వాత వేయించుకున్నాడు. ఈ ముక్క మా పిల్లలకి వేరే చెప్పాలి. ఎందుకంటే ఇప్పుడు టీవీల్లో వరస తిరగబడింది: ముందు విత్తనకానుక పంపండి, తర్వాత ఆశీర్వాదం. పాపపరిహార పత్రాల గురించి 1517 దాకా వెళ్ళక్కర్లేదు, రిమోట్ నొక్కితే చాలు.

సాయంత్రం ప్రార్థన కొండ ఎక్కాం. ఎండ, గాలి, కింద ఊరు. అంతకన్నా చెప్పడానికి లేదు.

రామాయపట్నానికి ఆ మర్నాడు వెళ్ళాం. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఇది కందుకూరుతోపాటు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వెళ్ళింది. కొత్త పోర్టు పని వల్ల దారంతా టిప్పర్లు, దుమ్ము. సముద్రం వైపు తిరిగాక సరుగుడు తోటలు మొదలై చల్లబడింది. తెలుగు బోధకుల్ని తయారు చేయడానికి 1870లలో బాప్టిస్టులు వేదాంత పాఠశాల పెట్టింది ఇక్కడే. ఉప్పుగాలికి పాత కట్టడాల సున్నం పెళ్ళలు పెళ్ళలుగా రాలుతోంది. చెట్టు కింద చదువుకుంటున్న ఒక కుర్రాడు పలకరించాడు. సెలవు రోజుల్లో పల్లె సంఘాలకి పోయి వాక్యం చెబుతాడట. నేను రోమా పత్రిక గురించి ఎత్తగానే, "పరీక్షలో తప్పకుండా వస్తుందండీ, రాయడం తేలికే" అన్నాడు. ఊళ్ళో చెప్పడమో అంటే, కాసేపు ఊరుకుని ఒక సంగతి చెప్పాడు.

తను వెళ్ళే ఒక పల్లెలో తాగుబోతని పేరుపడ్డ మనిషి చనిపోయాడు. ఆఖరి నెలల్లో మంచాన పడి, వచ్చినవాళ్ళందరితో ప్రార్థన చేయించుకున్నాడు. చందా మాత్రం ఏళ్ళ తరబడి బాకీ. బాకీ తీర్చేదాకా సమాధుల తోటలో చోటివ్వబోమని సంఘపెద్దలు కూర్చున్నారు. శవం అరుగు మీదే ఉంది, మధ్యాహ్నం దాటుతోంది. కొడుకు దగ్గర పెట్టె ఖర్చుకే డబ్బుల్లేవు. అక్కడి పాస్టరుగారు వచ్చి, ఎవరితోనూ వాదించకుండా, బైబిలు తీసి రోమా నాలుగు అయిదు చదివాడు. మళ్ళీ చదివాడు. "ఈయన మనకి బాకీ. దేవుడికి కాదు. గుంట తవ్వండి" అన్నాడట.

"తవ్వారా?" అన్నాను.

"తవ్వారండీ. తర్వాత కమిటీలో అయ్యగారి మీద కంప్లయింటు కూడా పెట్టారు."

"కొడుకు కట్టాడా మరి, ఆ చందా?" బావ అడిగాడు.

"ఇంతవరకూ లేదండీ. ఆదివారం మాత్రం మానకుండా వస్తున్నాడు. గుమ్మం దగ్గర చాప మీద కూర్చుంటాడు."

నెల్లూరు వెళ్ళి పాత మిషను చోట్లు చూసి, గూడూరు, సూళ్ళూరుపేట వైపు 1865 నుంచీ జర్మన్ లూథరన్లు పనిచేసిన ఊళ్ళూ తిరుగుదామనుకున్నాం. నెల్లూరు చేరేసరికే పొద్దుపోయింది, దక్షిణం వైపు ఇంకోసారి. కావలి దాటాక బావ ఉన్నట్టుండి, "మీ లూథరన్లయితే ఆ చందా వసూలు చేసేవరకూ శవాన్ని లేపనిచ్చేవాళ్ళు కాదు" అన్నాడు.

"ఆ చందా పుస్తకం మీ బాప్టిస్టులదే కదా బావా."

"నిజమే" అన్నాడు, ముందున్న టిప్పరుకి హారన్ కొడుతూ. "మీ దగ్గర లేదా?"

"ఉంది. రెండు కాపీలు రాస్తాం."