పాత సిమెంట్ రేకులు దింపించడం: నా అనుభవం

మా వెనక షెడ్డు మీది సిమెంట్ రేకులు బాగా పాతబడిపోయాయి. అంచులు పొరలుగా లేచి, వేలు తగిలితే చాలు, బూడిదలాంటి పొడి రాలేది. అందులో ఉండేది ఆస్బెస్టాస్ అనే సన్నని పోగుల ఖనిజం. రేకు గట్టిగా ఉన్నంతకాలం ఆ పోగులు సిమెంటులో బిగుసుకుని ఉంటాయి. విరిచినా, కోసినా, డ్రిల్ చేసినా గాల్లోకి లేస్తాయి. కంటికి కనబడవు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లినవాటిలో కొన్ని అక్కడే ఉండిపోతాయి.

మేస్త్రి చూసి, "సుత్తితో కొట్టి దించేద్దాం సార్, ఒక్క పూటలో అయిపోతుంది" అన్నాడు. వద్దన్నాను. "ఏళ్ల తరబడి ఇదే చేస్తున్నాం, మాకేం కాలేదు కదా!" అన్నాడు. ఆ మాటకే నాకు ఎక్కువ భయమేసింది. ఈరోజు పీల్చిన మనిషికి ఈరోజు దగ్గు కూడా రాకపోవచ్చు. ఊపిరితిత్తుల మీది పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అతనితో వచ్చినవాళ్లేమో పాతికేళ్లు కూడా నిండని కుర్రాళ్లు. తెలుపు, నీలం, గోధుమరంగు, ఏ రకం ఆస్బెస్టాస్ అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. సిగరెట్ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకా పెరుగుతుంది.

ఈ పనికి శిక్షణ, లైసెన్సు ఉన్నవాళ్లు దొరికితే వాళ్లకే అప్పగించాలి. చివరికి అలాంటివాళ్లే దొరికారు. సబ్బు కలిపిన నీళ్లు సన్నగా చల్లి రేకుల్ని తడిపారు. తుప్పు పట్టిన బోల్టుల్ని ఒక్కొక్కటే విప్పి, రేకు విరగకుండా చేతులు మార్చుకుంటూ కిందికి దింపారు. మందపాటి పాలిథీన్‌లో రెండు చుట్లు చుట్టి టేపు వేశారు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఈ పోగుల్ని ఆపలేవట. అందరూ ముఖానికి బిగుతుగా పట్టే, సన్నని ధూళిని కూడా వడకట్టే ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కులే పెట్టుకున్నారు. చీపురు ముట్టలేదు, తడిగుడ్డతోనే తుడిచారు. బట్టల మీద వేసుకున్న, ఒళ్లంతా కప్పే కవరాల్స్ కూడా అక్కడే విప్పి మూటగట్టారు. ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీల్లో పనిచేసిన మగవాళ్ల బట్టలు ఉతికిన భార్యలకు కూడా మెసోథీలియోమా వచ్చిందని చదివాక, ఆ ఒక్క జాగ్రత్త చూసి నా మనసు కుదుటపడింది.

అసలు టెన్షన్ ఆ మూటలు ఎక్కడికి వెళ్తాయన్నదే. మామూలు చెత్తలో వేస్తే ఎవరో ఒకరు విరగ్గొడతారు. కుక్కగూటికి రెండు రేకులు అడిగినవాళ్లూ ఉన్నారు, ఇవ్వలేదు. ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే చోటికి చేర్చినట్టు రసీదు చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇచ్చాను.

పక్కింటివాళ్ల రేకులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. వాటిని కదపొద్దని, పాచి పట్టిందని వైరు బ్రష్‌తో రుద్దొద్దని, డిష్ కోసం రంధ్రాలు వేయించొద్దని చెప్పాను.