పైలట్ జెట్‌లోకి ఇనుప తీగ దూర్చకండి

మా నాన్నగారి పాత స్ప్లెండర్ తెనాలి ఇంటి వసారాలో ఎనిమిది నెలలు కదలకుండా ఉండిపోయింది. దసరాకు వెళ్ళి కిక్ కొడితే, చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) వేసి ఉంచినంతసేపూ ఇంజను ఆడింది, చోక్ తీయగానే ఆగిపోయింది. ఈ లక్షణం కనబడితే ముందుగా అనుమానించవలసింది, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్‌లోని పైలట్ జెట్ అనే సన్నని రంధ్రపు ఇత్తడి ముక్కనే. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు కార్బురేటర్‌లోని స్లైడు అనే తలుపు కిందికి దిగి గాలి దారిని దాదాపుగా మూసేస్తుంది కనుక, ఆ సమయంలో ఇంజనుకు పెట్రోలు అందేది ఆ ఒక్క సన్నని రంధ్రం గుండానే. నిలవ పెట్రోలులోని తేలిక భాగం ఆవిరైపోగా మిగిలినది తుమ్మబంకలాగా చిక్కబడి ఆ రంధ్రాన్ని పూడ్చేస్తుంది. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకోవడం వల్ల లోహానికి తుప్పు బెడద కూడా ఉంటుంది.

పని పెరట్లో పెట్టుకున్నాను. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేలబారుగా పాకుతుంది కాబట్టి వంటింటి పొయ్యికి, దేవుడి దీపానికి దూరంగా కూర్చోవడం తప్పనిసరి. పెట్రోలు ట్యాప్ కట్టేసి, డ్రెయిన్ స్క్రూ వదులు చేసి కార్బురేటర్ అడుగు గిన్నెలోని పెట్రోలును సీసాలోకి దించాను. గిన్నె విప్పితే అడుగున తేనె రంగు పొర, దాని మీద ఇసుక రేణువులంత తుప్పు కనిపించాయి. విప్పిన ప్రతి భాగాన్నీ విప్పిన వరుసలోనే తెల్ల గుడ్డ మీద పేర్చాను.

పైలట్ జెట్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే అవతలి ఆకాశం కనిపించాలి, నాకు చీకటే కనిపించింది. చాలామంది ఇక్కడే క్లచ్ కేబుల్ పోగునో గుండుసూదినో దూరుస్తారు. కొన్నేళ్ళ క్రితం ఒక మెకానిక్ నా కళ్ళెదుటే అలా చేశాడు. తరువాత ప్లగ్ మసిబారింది, మైలేజీ పడిపోయింది, చివరికి జెట్ మార్చవలసి వచ్చింది. జెట్ ఇత్తడిది, మెత్తనిది. అర మిల్లీమీటరు కూడా లేని ఆ రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా లోపలికి వెళ్ళే పెట్రోలు పాళ్ళు మారిపోతాయి. అందుకే జెట్‌ను కార్బురేటర్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి, తెల్లవారాక సన్నని నైలాన్ పోగును ఏమాత్రం బలవంతపెట్టకుండా నడిపి, పంక్చర్ షాపుకు తీసుకువెళ్ళి గాలి కొట్టించాను. మళ్ళీ ఎత్తి చూసినప్పుడు గుండ్రటి వెలుగు చుక్క స్పష్టంగా కనిపించింది. ఆ చుక్కను చూసిన సంతోషం ఇప్పటికీ తాజాగానే ఉంది.

రబ్బరు ఓ రింగులను, గిన్నె వాషరును మాత్రం ఆ క్లీనర్‌లో వేయకూడదు, ఉబ్బిపోతాయి. కార్బురేటర్‌లోని ఒక దారిలో కొట్టిన క్లీనర్ స్ప్రే ఊహించని మరో రంధ్రంలోంచి చిమ్ముతుంది కనుక కళ్ళకు అద్దాలు ఉండాలి. గిన్నెలోని పెట్రోలు మీద తేలుతూ మట్టాన్ని నిలిపే ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూశాను. లోపల పెట్రోలు చప్పుడైతే దానికి చిల్లు పడినట్టే, మాదానిలో లేదు. గిన్నె నిండగానే పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ సూది కొన మీద అరిగిన గీత ఉంటే ఓవర్‌ఫ్లో అవుతుంది, అదీ లేదు. గాలి పాళ్ళు సరిచేసే ఎయిర్ స్క్రూను విప్పే ముందు, లోపలికి ఎన్ని చుట్లు తిరిగి తేలికగా ఆనుతుందో లెక్కపెట్టి రాసుకున్నాను. తిరిగి బిగించేటప్పుడు ఆ లెక్కే నాకు ఆధారమైంది.

అన్నీ బిగించి, ట్యాప్ తెరిచి గిన్నె నిండేదాకా ఆగి కొడితే మూడో కిక్కుకు అందుకుంది. నాన్నగారు వాలుకుర్చీలోంచే, "చోక్ తియ్యి, చూద్దాం" అన్నారు. తీశాను. ఇంజను ఆగలేదు. తిరుగు ప్రయాణానికి ముందు ట్యాప్ కట్టేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా ఆడించి, గిన్నెలో మిగిలిన నాలుగు చుక్కలను కూడా డ్రెయిన్ స్క్రూ తిప్పి వదిలి వచ్చాను.